ఒడ్డున ఉండిపోయిన కళ్లజోడు

3 నవంబర్ 2024, ఆదివారం

రుషికొండలో స్కూబా డైవింగ్ చేసి ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రెండుసార్లు తలంటుకున్నా జుట్టులో ఉప్పు పోలేదు. బెంగళూరులో ఉన్న పెద్ద కూతురికి ఫోన్ చేసి, "బాగుందే, చాలా చూశాను" అన్నాను. అబద్ధం. ఈ పుస్తకంలోనైనా నిజం రాసుకోవాలి.

నేనేమీ చూడలేదు. ఊపిరి ఆడింది, భయం వేయలేదు, చెవులు కూడా సర్దుకున్నాయి. ఐదారు మీటర్ల లోతులో ఇసుక మీద తేలుతూ ఉంటే, వెనక నన్ను పట్టుకున్న కుర్రాడు ఏదో వేలు పెట్టి చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూశానన్నట్టు సైగ చేశాను. పైకి వచ్చాక పడవలో, "టేకు చేప ఎంత దగ్గరకొచ్చిందో చూశారా మేడమ్!" అన్నాడు. చూశానన్నాను. నాకు కనబడినదల్లా ఒక మట్టి రంగు మీంచి ఇంకో మట్టి రంగు జారిపోవడం.

ఈ పూట నీళ్లు బాగా కలకగా ఉన్నాయని వాళ్లూ అన్నారు. సముద్రం మీదకు నెట్టేద్దామని నాకూ అనిపించింది. కానీ చాచిన నా చేతికున్న గాజులే నాకు ఆనలేదు. దానికి సముద్రమేం చేస్తుంది? దిగే ముందు సైటు ఉందని కాగితం మీద రాశాను. "పర్లేదు మేడమ్, నీళ్లలో అన్నీ పెద్దగానే కనిపిస్తాయి" అన్నారు. పెద్దగా కనిపించడం వేరు, స్పష్టంగా కనిపించడం వేరు. మసకని పెద్దది చేస్తే పెద్ద మసకే కదా.

15 నవంబర్, శుక్రవారం. కార్తీక పౌర్ణమి

తెల్లవారకముందే భీమిలి. అమ్మ ఈసారి నీళ్లలోకి దిగలేదు, మోకాళ్ల నొప్పులు. మామూలుగా చెయ్యి చాపింది. నేను కళ్లజోడు తీసి ఇచ్చాను. కొంగు చివర ముడేసి బొడ్లో దోపుకుంది. ఆరో తరగతిలో నాకు జోడు వచ్చిన ఏడాది నుంచీ ఇదే వరస. మొదట్లో, "పోతే నూట ఇరవై రూపాయలే!" అని కసిరేది. ఇప్పుడు ఏమీ అనదు, చెయ్యి చాపుతుంది అంతే.

అలల్లో నిలబడి వెనక్కి తిరిగితే ఒడ్డంతా చీరల రంగులు. మొహాలుండవు. చిన్నప్పుడు అమ్మ కట్టుకొచ్చిన చీర రంగు గుర్తుపెట్టుకుని దిగేదాన్ని. ఒకసారి ఆ ఆకుపచ్చే కట్టుకున్న ఇంకెవరో ఆవిడ కాళ్లకు చుట్టుకుపోయాను. ఆవిడ తడి తల నిమిరి, "మీ అమ్మ అటుందమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ ఒక లెక్క తట్టింది. నలభై ఏడేళ్లుగా సముద్రం పక్కనే ఉన్నాను. నీళ్లలో ఉన్నప్పుడు సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. చప్పుడు తెలుసు, రుచి తెలుసు, కాళ్ల కింద ఇసుక లాగేయడం తెలుసు. చూపు మాత్రం ఎప్పుడూ అమ్మ కొంగులో ముడిపడి ఒడ్డునే ఉండిపోయింది.

రాత్రి పెద్దదానికి టేకు చేప సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, పవర్ అద్దాలు వేసిన మాస్కులుంటాయి. ముందే అడగాల్సింది కదా" అంది. సంక్రాంతి వెళ్లాక అండమాన్ వెళదామంది. ఈలోగా డైవింగ్ కోర్సు తరగతులూ, ఈతకొలను సాధనా ఇక్కడే పూర్తిచేసి, మిగతా నాలుగు డైవులూ అక్కడ చెయ్యొచ్చట. అడగడమే తరువాయిగా సరే అన్నాను.

17 నవంబర్, ఆదివారం

నిన్న కంటి డాక్టరమ్మ దగ్గర కొత్త చీటీ రాయించుకున్నాను. కుడి మైనస్ 5.50, సిలిండర్ మైనస్ 0.75. ఎడమ మైనస్ 4.75, సిలిండర్ మైనస్ 1.25. చత్వారానికి ప్లస్ 1.50. (ఇకమీదట ఈ పుస్తకంలో సిలిండర్ అంటే కంటిదే. వీపున మోసేదాన్ని ట్యాంకు అంటాను.)

పెద్దది కాంటాక్ట్ లెన్సులతోనే దిగుతుంది, రోజుకొకటి వాడి పారేసేవి. నేనూ అడిగాను. డైవింగ్‌కి మెత్తని లెన్సులైతే ఫరవాలేదట, గట్టివైతే లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు కంటికీ లెన్సుకూ మధ్య బుడగలు చేరి చూపు మసకేస్తుందట. నీళ్లు తగిలిన లెన్సు కంట్లో ఉంచుకుంటే అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల నల్లగుడ్డుకి పెద్ద జబ్బు రావచ్చంది. అరుదేనట, కానీ వస్తే అంత సులభంగా వదలదట. పైగా నా కళ్లు పొడి కళ్లు, రెండేళ్ల క్రితం ప్రయత్నించి పూట కూడా ఉంచుకోలేకపోయాను. ఆ దారి మూసుకుంది.

జోడు పెట్టుకుని పైన మాస్కు వేసుకోవడం కుదరదు. చెవుల మీదకు వెళ్లే కమ్మీలు సిలికాన్ అంచుని ఎత్తేస్తాయి, నీళ్లు వచ్చేస్తాయి. పవరున్న ఈత గాగుల్స్‌తో లోతుకు పోకూడదు, ముక్కు బయట ఉంటుంది కాబట్టి. పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. మాస్కయితే ముక్కుతో కొంచెం గాలి ఊది లోపలి ఒత్తిడి సమం చేసుకోవచ్చు. గాగుల్స్‌లోకి ఊదే దారే లేదు, కళ్లను పీల్చేస్తాయి.

ఇక మిగిలింది మాస్కుకే అద్దాలు. సాయంత్రం డాబాగార్డెన్స్‌లో మా షాపాయన దగ్గరకు వెళ్లాను. నా పదకొండో ఏట మొదటి జోడు కట్టించింది ఆయనే. "టీచరమ్మా, నలభై ఏళ్ల నుంచీ ఈ పనిలో ఉన్నాను, సముద్రంలోకి అద్దాలు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ మాటలో సంతోషం దాచుకోలేకపోయారు. షట్టరు సగం దింపి కూర్చోబెట్టారు.

రెండు పద్ధతులున్నాయన్నారు. ఒకటి, మన చీటీ ప్రకారం సిలిండరూ యాక్సిసూ అన్నీ కలిపి అద్దం చేయించి, మాస్కు అద్దానికి లోపలివైపు అతికించడం. రెండోది, మాస్కు తయారుచేసేవాళ్లే అర పవర్ తేడాతో వరసగా చేసిపెట్టిన అద్దాలు, పాత అద్దం తీసి వీటిని బిగించడం. మొదటిది మన కంటికే కుట్టించిన రవిక, రెండోది రెడీమేడ్. రెడీమేడ్‌కి కుడికీ ఎడమకీ విడివిడిగా అద్దం ఉన్న మాస్కే కావాలి, ఒంటి అద్దం మాస్కుకి పనికిరాదు.

"ఏదైనా నీళ్లవైపు చదునుగానే ఉండాలమ్మా, పవరంతా లోపలివైపే" అన్నారు. ఎందుకో అడగకముందే కాగితం తీసి గీశారు. నీళ్లవైపు వంపు ఉంటే, గాలిలో ఒక పవర్, నీళ్లలో దిగగానే ఇంకో పవర్ అయిపోతుంది. నీళ్లవైపు చదునూ, వంపు గాలివైపూ ఉంటే పడవలోనూ అడుగునా అదే పవర్. ఎంత చిన్న ఆలోచన! ఇన్నేళ్లుగా పిల్లలకు జామెట్రీ చెబుతున్నాను, ఇది నాకు తట్టలేదు.

20 నవంబర్, బుధవారం

లీజరు పీరియడ్‌లో ఫిజిక్స్ మాస్టారిని పట్టుకున్నాను. నీళ్ల వక్రీభవన గుణకం 1.33. అంటే చదునైన అద్దం వెనక నుంచి చూసేవాళ్లకి నాలుగడుగుల దూరంలో ఉన్న చేప మూడడుగుల్లో ఉన్నట్టుంటుంది. అందుకే అన్నీ పెద్దగా కనిపించడం. ఇంతవరకూ అందరూ చెప్పేదే.

కానీ చత్వారం ఉన్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. నేను యాభై సెంటీమీటర్ల దూరంలో, ట్యాంకులో గాలి ఎంతుందో చూపే గేజ్ పట్టుకుంటే, నా కన్ను ముప్ఫయ్యేడున్నర సెంటీమీటర్ల దగ్గరున్నదాన్ని చదివినంత కష్టపడాలి. గాలిలో రెండు డయాప్టర్ల పనికి నీళ్లలో రెండూ పాయింట్ ఆరు పైన. "నీళ్లలో పెద్దగా కనిపిస్తాయి, దగ్గరి చూపుకి అద్దం అక్కర్లేదు" అనే మాట సగమే నిజం. అంకె పెద్దదవుతుంది, దాన్ని కుదుర్చుకోవడం మాత్రం కష్టమవుతుంది.

ఇది నాకు ఊరికే తెలుసుకోవలసిన సంగతి కాదు. ట్యాంకులో గాలి దాదాపు 200 బార్లతో మొదలవుతుంది. 50 మిగిలేసరికి పైకి వచ్చేసి ఉండాలి. ఆ అంకె నేనే చదువుకోవాలి. చేప కనిపించకపోతే బాధ. గేజ్ కనిపించకపోతే వేరే సంగతి.

మాస్టారు ఇంకో మాటన్నారు. మాస్కు అద్దం కళ్లజోడు కన్నా ముందుకుంటుంది. మైనస్ అద్దం కంటికి దూరం జరిగిన కొద్దీ బలం తగ్గుతుంది. నాకు తెలియని సంగతేం కాదు. స్టాఫ్‌రూంలో జవాబు పత్రాలు దిద్దేటప్పుడు జోడు ముక్కు కొసకు జారిస్తేనే కదా అక్షరాలు తేరుకునేది. చత్వారమొచ్చిన సైటువాళ్లందరం లెక్క తెలియకుండానే చేసే పని.

రాత్రి లెక్క వేశాను. సిలిండర్‌లో సగం పవర్‌కి కలపాలన్నారు షాపాయన. కుడి: 5.50కి 0.375 కలిపితే 5.875. ఎడమ: 4.75కి 0.625 కలిపితే 5.375. ఒక సెంటీమీటరు ముందుకు జరిపితే 6.0 అద్దం నా జోడు దగ్గర 5.66గా పనిచేస్తుంది, 5.5 అద్దం 5.21గా, 5.0 అద్దం 4.76గా. రెండు కళ్లకీ నిండా వేస్తే దూరం బాగుంటుంది, గేజ్ కష్టం. రెండు కళ్లకీ తగ్గిస్తే గేజ్ హాయి, రెండు మీటర్లు దాటిన చేపలన్నీ మళ్లీ మసక.

పదకొండు దాటింది. తేల్చుకోలేక పడుకుంటున్నాను.

24 నవంబర్, ఆదివారం

షాపాయన కాగితానికి చిల్లు పెట్టి, చాచిన చేతులతో పట్టుకుని, ఆ చిల్లులోంచి గోడ గడియారం చూడమన్నారు. ఒక్కొక్క కన్నూ మూయించారు. ఎడమ కన్ను మూస్తే గడియారం కదల్లేదు, కుడి కన్ను మూస్తే మాయమైంది. "పెద్ద కన్ను కుడిదమ్మా మీకు. దానికి దూరం ఇచ్చేయండి. ఎడమదానికి దగ్గర" అన్నారు.

కుడి మైనస్ 6.0, ఎడమ మైనస్ 5.0. నా చీటీలో బలం తక్కువున్న కన్నుకే ఇంకా తగ్గించడం. రెండిటికీ మధ్య తేడా ఒక్క డయాప్టరు. మెదడు దాన్ని ఓర్చుకుంటుందట. ఎడమ కంటి సిలిండర్ 1.25 మాత్రం ఆయనకు నచ్చలేదు. "ముప్పావు అయితే మరిచిపొమ్మనేవాణ్ణి. ఒకటింపావు అంటే చేయించుకోదగ్గదే" అన్నారు. కానీ చేయించి అతికించాలంటే మాస్కు వేరే ఊరు పంపాలి, వారాలు పడుతుంది, సిలికాన్ పాడైతే అద్దాలూ దాంతో పాటే పోతాయి. ఎడమ కన్ను దగ్గరి పనికే కదా. ఈసారికి రెడీమేడ్. గేజ్ అంకెలు అలుక్కుపోతే అప్పుడు చేయిద్దామనుకున్నాం.

1 డిసెంబర్, ఆదివారం

అద్దాల కన్నా ముందు మొహం. ఇది తలకిందులుగా చేయబోయాను. పెద్దది ఆపింది: "అమ్మా, కారే మాస్కుకి ఎంత మంచి పవర్ పెట్టినా దండగే." పట్టీ తలకు తగిలించకుండా మాస్కు మొహానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. చేతులు వదిలేసినా మాస్కు ఊడిపోకపోతే సరిపోయినట్టు. నాలుగు పెట్టి చూశాను. మూడు దవడ దగ్గర పట్టు తప్పాయి. నాలుగోది నిలబడింది. అద్దం మీద టెంపర్డ్ అని అచ్చు ఉంది, ఒకవేళ పగిలినా కత్తుల్లాంటి పెంకులుగా పగలదు. కమ్మీ లోపల రెండు అద్దాలూ విడివిడిగానే ఉన్నాయి.

నిలబడింది గానీ ముక్కుపుడక గుచ్చుకుంది. చెవులు సర్దుకోవడానికి మాస్కు పైనుంచి ముక్కు నొక్కి ఊదాలి. నొక్కినప్పుడల్లా పుడక శీల లోపల పొడుస్తోంది, రాయి సిలికాన్‌ని గీరుతోంది. పెళ్లిలో అత్తగారు పెట్టిన పుడక అది. ఇరవై నాలుగేళ్లలో రెండుసార్లే తీశాను, రెండూ ఆపరేషన్ బల్లల మీదే. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఉంటే ఏమనేదో నాకు తెలుసు. అయినా ఆవిడే నాకు బండి నేర్చుకోమని పోరుపెట్టింది, నలుగురూ ఏమన్నా లెక్కచేయక. ఈ సంగతి తలుచుకుని రాత్రి అద్దం ముందు నిలబడి సబ్బు రాసి మెల్లగా తిప్పి తీశాను. కుంకుమ భరిణెలో పెట్టాను. ముక్కు వెలితిగా ఉంది. వేలు పదే పదే అక్కడికే పోతోంది.

22 డిసెంబర్, ఆదివారం

అద్దాలొచ్చాయి. మాస్కు నా మొహానికి పెట్టి, దూరంగా చూడమని, కనుపాపలకు సూటిగా స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టారు షాపాయన. తర్వాత అద్దాన్ని లెన్సోమీటర్‌లో పెట్టి దాని కేంద్రం కనుక్కున్నారు. చుక్కకీ కేంద్రానికీ రెండు మిల్లీమీటర్ల తేడా. "ఐదారు మిల్లీమీటర్లయితే కళ్లు గుంజుకుంటాయి, తలనొప్పి వస్తుంది. రెంటికి సర్దుకుంటాయి" అన్నారు. డబ్బులివ్వబోతే అద్దాల ఖరీదు తీసుకుని బిగింపు కూలీ తీసుకోలేదు. "వచ్చాక ఏం కనబడిందో చెప్పండి, అదే కూలీ" అన్నారు.

కొత్త అద్దాల మీద కంటికి కనబడని సిలికాన్ పొర ఉంటుందట, అది ఉన్నంతకాలం ఆవిరి పడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి పళ్లపేస్టుతో లోపలివైపు మూడుసార్లు రుద్ది కడిగాను. దిగే ముందు ఒక చుక్క పసిపిల్లల షాంపూ రాసి, కొంచెం తొలిపితే చాలట.

మధ్యాహ్నం ఈతకొలను. మూడు మీటర్ల లోతులో పలకల మధ్య సిమెంటు గీతలు కనబడ్డాయి! ఎవరిదో చెవి దిద్దు ఒకటి మూలన మెరుస్తోంది. గేజ్ ఎడమ కంటితో చదివాను: 140. అయితే చదవడానికి ఒక్క క్షణం పట్టింది, ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకి మనసు మారినట్టు.

తర్వాత మాస్కు పూర్తిగా తీసి, మళ్లీ పెట్టుకుని, ముక్కుతో ఊది నీళ్లు ఖాళీ చేయాలి. అందరూ భయపడేది దీనికే. నాకు భయం వేయలేదు. మసక నాకు కొత్తా? ఫిజిక్స్ మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది: కన్ను నీళ్లకు నేరుగా తగిలితే నల్లగుడ్డు తన నలభైకి పైగా డయాప్టర్ల బలమూ దాదాపు పోగొట్టుకుంటుంది, ఎంత మంచి చూపున్నవాడైనా గుడ్డివాడే అవుతాడు. నాలాంటి సైటువాళ్లకి ఆ లోటు ఐదారు డయాప్టర్లు తక్కువ. అంటే మాస్కు లేని నీళ్లలో, కొలనులో ఉన్న అందరికన్నా కొంచెం మెరుగ్గా చూస్తున్నది నేనే. చిన్నప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మోకెన్ పిల్లల గురించి కూడా ఆయనే చెప్పారు. అండమాన్ సముద్రానికి అటువైపు, థాయిలాండ్ దీవుల్లో తరతరాలుగా పడవల మీద బతుకుతూ వచ్చిన జాతి. అన్నా గిస్లెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 2003లో రాసింది: ఆ పిల్లలు నీళ్లలో మాస్కు లేకుండా యూరప్ పిల్లల కన్నా రెట్టింపు వివరం చూడగలరు. కనుపాపని రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్నది చేసి, కంటి కటకాన్ని ఉన్నంత బలమూ పెట్టి వంచుతారు. సాధన చేయిస్తే యూరప్ పిల్లలకీ అబ్బిందట. పిల్లలకే. చత్వారం వచ్చిన కటకం అలా వంగదు.

18 జనవరి 2025, శనివారం. హేవ్‌లాక్

ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అనాలి. పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. జెట్టీ దగ్గర టీకొట్టాయన మాది శ్రీకాకుళం అన్నాడు, రెండో గ్లాసు తనే పోశాడు.

నీమో రీఫ్. పన్నెండు మీటర్లు. ఎలా రాయను? మొదట చూసింది చేప కాదు, ఇసుక. ఇసుకలో రేణువు రేణువుగా తెల్లవి, నల్లవి, గులాబీవి. ఒక చిన్న గొయ్యి అంచున రేణువులు జారి లోపలికి పడుతున్నాయి. అందులోంచి రొయ్యలాంటిది ఒకటి ముందుకాళ్లతో ఇసుక తోసుకుంటూ బయటకొచ్చింది, గుమ్మంలో గోబీ చేప కాపలా కూర్చుంది. నేను కదలగానే చేప తోక ఆడించింది, ఇద్దరూ లోపలికి. అలా అక్కడే ఉండిపోయాను. పెద్దది భుజం తట్టి అటు పగడాలున్నాయని చూపించింది. నేను ఇంకో నిమిషం అని వేలు చూపించాను.

తర్వాత సముద్రపు పువ్వుల్లో నారింజ రంగు జోకరు చేపలు, అవి నారింజగానే కనబడ్డాయి, ఎరుపు మాత్రం ఆ లోతుకే మట్టి రంగయింది. దూరంగా చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే పొడి రాలడం కుడి కంటితో చూశాను. గేజ్: 110. తడబడకుండా చదివాను. మళ్లీ 80. డెబ్భై దగ్గర నేనే ముందు పైకి సైగ చేశాను, పెద్దది కళ్లు పెద్దవి చేసి తల ఊపింది.

ఎడమ కన్ను గేజ్ చివరి గీతలని కొంచెం అలుకుతోంది. సిలిండర్ పనే. షాపాయనకి చెప్పాలి. చేయించుకోవాల్సిందే.

26 జనవరి, ఆదివారం

బడిలో జెండా ఎగరేశాక అటునుంచే భీమిలి వెళ్లాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా ముక్కు చూసింది, ఏమీ అనలేదు. "ఏం చూశావే?" అంది. రొయ్య గురించే అరగంట చెప్పాను. చేప కాపలా కాస్తుంటే రొయ్య ఇల్లు తవ్వడం ఆవిడకి బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకుంది.

చివరికి చేట పక్కన పెట్టి, "అంత లోతుకు దిగావు కదా, జోడు ఎవరికిచ్చావు?" అని అడిగింది.

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. నాతోనే దించాను."